మౌంట్ విట్నీ: ఒక్క రోజులో ఇరవై రెండు మైళ్ళు



మొన్నామధ్య ఒక ఎపిసోడ్‌లో మాటల మధ్యలో "నేను విట్నీ ఎక్కాను" అన్నాను. అప్పటి నుంచి కనపడినవాళ్ళందరూ ఆ కథేదో చెప్పమని అడుగుతున్నారు. ఎక్కిన మాట నిజమే. కానీ ఆ రోజు గురించి చెప్పాలంటే, ఎక్కడం కంటే ఎక్కువగా దారిలో ట్రెయిల్ క్రెస్ట్ అనే చోట గడిచిన ఒక పది నిమిషాల గురించి చెప్పాలి. అందుకే ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. ఈవేళ చెప్పేస్తాను. అందులో ఉన్న మనిషి కూడా చెప్పుకోమన్నాడు, పేరు మాత్రం ఎత్తొద్దన్నాడు.

మౌంట్ విట్నీ కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల్లో ఉంది. 14,505 అడుగులు. అలాస్కా వదిలేస్తే అమెరికా మొత్తంలో దీన్ని మించిన శిఖరం లేదు. మన తూర్పు కనుమల్లో ఎత్తైన కొండలు 1,700 మీటర్ల లోపే ఉంటాయి. విట్నీ పోర్టల్ అని, నడక మొదలుపెట్టే చోటు ఉంది చూశారూ, అదే 2,500 మీటర్ల పైన. అంటే మన అరకు వైపు కొండలన్నిటికంటే ఎత్తున కారు పార్క్ చేసి, అక్కడి నుంచి ఇంకో ఆరు వేల అడుగుల పైచిలుకు ఎక్కాలి. పోనూ రానూ కలిపి 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు. తాళ్ళు, గొలుసులు కట్టుకుని ఎక్కే కొండ కాదు. మంచు లేని రోజుల్లో మామూలు కాలిబాటే. ఆ కాలిబాటే మనిషిని మోసం చేస్తుంది. "నడకే కదా" అనిపిస్తుంది.

పోదామనుకోగానే పోనివ్వరు. మే 1 నుంచి నవంబరు 1 దాకా రోజుకి వంద మందికే డే పర్మిట్. ఫిబ్రవరిలో లాటరీకి అప్లై చేసుకోవాలి. నాకు రెండేళ్ళు రాలేదు. మూడో ఏడు వచ్చింది, సెప్టెంబరులో ఒక శనివారం, నలుగురికి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మూడో ఏడు. ఆ రోజు నేను చేసిన పనికి ఇదే నా సాకు.

నలుగురం ఎవరంటే, నేను. కాలేజీ రోజుల నుంచి నా స్నేహితుడు, ఒకరినొకరం మామా అనుకుంటాం కాబట్టి ఇక్కడ కూడా మామ అనే అంటాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అన్న, అప్పటికి ఆయనకి యాభై రెండు. మా ఆఫీసులో పనిచేసే వైజాగ్ కుర్రాడు, తమ్ముడు. తమ్ముడు రోజూ జిమ్‌కి పోయే బాపతు. అన్న జిమ్ మొహం చూసి ఎరగడు, కానీ ఎంత దూరమైనా ఒకటే వేగంతో నడుస్తాడు. ఎద్దుల బండి అని ఏడిపించేవాళ్ళం.

ట్రెయినింగ్ బాగానే చేశాం. బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలిసిన మిషన్ పీక్ ఉంది కదా ఫ్రీమాంట్‌లో, అది రోజుకి రెండుసార్లు ఎక్కి దిగిన వారాలు ఉన్నాయి. కాళ్ళు తయారయ్యాయి. కానీ మిషన్ పీక్ ఎత్తు 2,517 అడుగులు. కాళ్ళు తయారైతే ఊపిరి తయారైనట్టు కాదు. అందుకని ఆగస్టులో ఒకసారి టియోగా పాస్ దగ్గర మౌంట్ డానా ఎక్కాం. అది 13,000 అడుగులు దాటుతుంది. దానికి మామ రాలేదు. వాళ్ళ ఆఫీసులో రిలీజ్ ఉందన్నాడు. "ఏం కాదులే మామా, నీ కాళ్ళు నాకంటే గట్టివి" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి. నేను డాక్టర్ని కాను, చదివి తెలుసుకున్నదే చెప్తున్నాను. పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. విట్నీ పైన ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో సుమారు 60 శాతమే. ఒక్కో శ్వాసలో అందేది ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం దానికి అలవాటు పడుతుంది కానీ గంటల్లో కాదు, రోజుల్లో. అలవాటు పడేలోగా ఇంకా పైకి పోతే తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం, నీరసం. ఇది ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం. ఒంట్లో బలానికీ దీనికీ సంబంధం లేదు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, లేదా మెదడు వాస్తుంది. నడక తూలడం మొదలైందంటే మెదడు దాకా వచ్చిందేమో అని భయపడాలి. అన్నిటికీ మొదటి మందు ఒక్కటే, కిందికి దిగడం.

ఇవన్నీ నాకు ఆ రోజుకి ముందే తెలుసు. నోట్సు రాసుకుని మరీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

శుక్రవారం పొద్దున బయల్దేరి, టియోగా పాస్ మీదుగా 395 రోడ్డెక్కి, సాయంత్రానికి లోన్ పైన్ అనే చిన్న ఊరు చేరాం. చుట్టూ అలబామా హిల్స్ అని గుండ్రాళ్ళ గుట్టలు. హాలీవుడ్‌వాళ్ళు 1939లో వచ్చిన 'గంగా దీన్' సినిమాకి మన దేశపు వాయవ్య సరిహద్దు అని చెప్పి ఇక్కడే తీశారు. చూస్తుంటే నిజంగా రాయలసీమ గుట్టల్లా అనిపించాయి నాకు. ఆ రాత్రి పోర్టల్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకుని ఉంటే ఎనిమిది వేల అడుగుల ఎత్తుకి ఒక్క రాత్రయినా అలవాటయ్యేది. మేం మెత్తటి మంచం కోసం నాలుగు వేల అడుగుల లోపే ఉన్న ఊళ్ళో మోటెల్ తీసుకున్నాం. అదొక తప్పు. చిన్నదే.

రాత్రి రెండింటికి నడక మొదలుపెట్టాం. తలకి లైట్లు, చలికి రెండు జాకెట్లు, సంచిలో పులిహోర, చపాతీ చుట్టలు, పల్లీ చిక్కీ, ఉప్పు కలిపిన నీళ్ళ సీసాలు. ఇంకొకటి కూడా ఇస్తారు, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి. ఆ దారిలో పైన మరుగుదొడ్లు లేవు. మన దొడ్డికి వెళ్ళిన సరుకు మనమే ఒక సంచిలో కట్టుకుని కిందికి తేవాలి. తమ్ముడు ఆ సంచి చూసి "ఇదేటి అన్నా!" అని నిలబడిపోయాడు. తర్వాత అందరికంటే ముందు వాడిందీ వాడే.

చీకట్లో నడక బాగుంటుంది. ముందున్నవాడి మడమలు తప్ప ఏమీ కనపడవు కాబట్టి భయం ఉండదు. లోన్ పైన్ లేక్ దాటాం. అక్కడి నుంచే పర్మిట్ ఉండాలి. ఐదింటికి ఔట్‌పోస్ట్ క్యాంప్, పది వేల అడుగులు దాటిన చోట చిన్న మైదానం. అక్కడ అందరం తిన్నాం, మామ తప్ప. "గ్యాస్ పట్టినట్టుంది" అన్నాడు. గ్యాసు కాదు. తలనొప్పి మొదలైంది. మాకు తెలియకుండా ఒక ఇబుప్రొఫెన్ వేసుకున్నాడు. ఆ సంగతి వారం తర్వాత చెప్పాడు.

ఆరున్నరకి తెల్లారింది. ఆ తెల్లారడం గురించి చెప్పడానికి నా దగ్గర మాటలు లేవండీ. బూడిద రంగు రాతిగోడ మొత్తం, చెట్టూ చేమా లేని గోడ, ముందు గులాబీ రంగు, తర్వాత నారింజ, తర్వాత తంగేడుపువ్వు రంగు, ఒక పది నిమిషాల్లో. నలుగురం మాట్లాడకుండా నిలబడ్డాం. అందరికంటే మామ ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆయాసం తీర్చుకుంటున్నాడని నాకు తట్టలేదు.

ట్రెయిల్ క్యాంప్, 12,000 అడుగులు. నమ్మకంగా నీళ్ళు దొరికే ఆఖరి చోటు అదే. అక్కడ మార్మాట్లు ఉంటాయి, కుందేలు కంటే లావుగా, ఉడత మొహంతో. సంచి కింద పెట్టి కన్ను తిప్పితే కొరికేస్తాయి. అన్న చిక్కీ సగం వాటి పాలయింది. అక్కడి నుంచి మొదలవుతాయి తొంభై తొమ్మిది మలుపులు. ఒకే కొండ గోడ మీద అటూ ఇటూ, అటూ ఇటూ, రెండు మైళ్ళకు పైగా. మధ్యలో ఒక చోట బాట పక్కన ఇనుప తీగలతో కంచె ఉంటుంది, కేబుల్స్ అంటారు. నీడలో ఉండి మంచు గడ్డకట్టే చోటు కాబట్టి పట్టుకోవడానికి పెట్టారు. మేం వెళ్ళిన రోజు మంచు లేదు. కానీ పక్కన లోయ ఉంది.

తిరుపతి నడిచి వెళ్ళినవాళ్ళకి మోకాళ్ళ పర్వతం గుర్తుండే ఉంటుంది. అక్కడ ఆయాసం వస్తే ఒక ఐదు నిమిషాలు కూర్చుంటే పోతుంది. ఇక్కడ కూర్చున్నా పోదు. ఇరవై అడుగులు, ఆగడం, ఇరవై అడుగులు, ఆగడం. తమ్ముడు మొదట పరిగెత్తి తర్వాత చతికిలపడ్డాడు. ఎద్దుల బండి అన్న మాత్రం అందరినీ దాటుకుంటూ పోయాడు. మామ ఒక మలుపులో పక్కకి తిరిగి కక్కుకున్నాడు. నీళ్ళు తాగి "ఇప్పుడు హాయిగా ఉంది" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు అవసరం.

పదకొండింటికి ట్రెయిల్ క్రెస్ట్. 13,600 అడుగుల పైన. అక్కడ గోడ అయిపోతుంది, కొండకి అవతలి వైపు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. కింద నీలంగా హిచ్‌కాక్ సరస్సులు, ఎటు చూసినా శిఖరాలు. అక్కడి నుంచి శిఖరానికి ఇంకా రెండున్నర మైళ్ళు. మామ ఒక రాయి మీద కూర్చుని తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

మాకొక రూలు ఉంది, మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి అని. టైం ఉంది. అదే ఇబ్బంది. టైం లేకపోతే నలుగురం కలిసి దిగిపోయేవాళ్ళం, గొడవే లేదు.

అన్న అన్నాడు, "ఒక్కన్నే పంపుడు మంచిగ లేదు. ఎవరో ఒకలం తోడు దిగాలె."

ఎవరో ఒకలం. ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడు నా వైపు చూశాడు. అన్న కూడా నా వైపే చూశాడు. న్యాయం కదా, మామని తీసుకొచ్చింది నేను, పాతికేళ్ళ స్నేహం నాది. నేను వంగి షూ లేసు కట్టుకున్నాను. లేసు ఊడలేదు. ఊడదీసి మరీ కట్టుకున్నాను.

అప్పుడు మామే అన్నాడు, "రేయ్, మీరు పోండిరా. నేను మెల్లగా దిగి ట్రెయిల్ క్యాంప్ దగ్గర కూర్చుంటా. దారంతా జనమే కదా." నేను వెంటనే "ష్యూరా మామా?" అన్నాను. ఆ "ష్యూరా" అనేది అడగడానికి అన్నది కాదు, ఖాయం చేసుకోవడానికి అన్నది. అన్న "నేను పోతా తోడు" అని సంచి తగిలించుకోబోతే, "వద్దన్నా, నీకు మళ్ళీ ఛాన్సు రాదు, వాడికేం కాదు" అన్నది కూడా నేనే.

మామ దిగిపోయాడు. మేం ముగ్గురం పైకి నడిచాం.

మిగతా దారి తొందరగా చెప్పేస్తాను. కొండ కొమ్ము వెనక నుంచి పోతుంది బాట. అక్కడక్కడ రాళ్ళ మధ్య కిటికీల్లాంటి సందులు వస్తాయి, అందులోంచి తూర్పు వైపు వేల అడుగుల కిందికి చూపు పడుతుంది. శిఖరం దిగి వస్తున్న ఒక పెద్దవయసు జంట ఎదురయ్యారు. ఆవిడకి ఎర్ర టోపీ. "ఆల్మోస్ట్ దేర్!" అని నవ్వి వెళ్ళిపోయారు.

పన్నెండూ యాభైకి పైన ఉన్నాం. ఊహించినట్టు సూది మొన కాదది. పెద్ద పెద్ద బండలు పరిచిన మైదానంలా ఉంటుంది. రాళ్ళతో కట్టిన చిన్న గుడిసె ఒకటి ఉంది. 1909లో స్మిత్సోనియన్ సంస్థ కట్టించింది, ఖగోళ శాస్త్రవేత్తల కోసం. మా శాన్ హోసే పక్కన కొండ మీద లిక్ అబ్జర్వేటరీ ఉంది కదా, దాని డైరెక్టర్ క్యాంప్‌బెల్ అదే ఏడాది అక్కడికెక్కి అంగారకుడి మీద నీటి ఆవిరి ఉందా అని పరిశీలించాడు. ఉరుములుంటే మాత్రం ఆ గుడిసెలోకి పోకూడదు, 1990లో పిడుగు పడి లోపల ఉన్న మనిషి చనిపోయాడు. ఇంకో తమాషా కూడా ఉంది. ఈ కొండ ఎక్కాలని తపించిపోయిన క్లారెన్స్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1871లో మబ్బుల్లో పక్క కొండ ఎక్కేసి, ఇదే విట్నీ అనుకున్నాడు. పొరపాటు తెలిసి 1873లో అసలు కొండ ఎక్కేసరికి, నెల ముందే లోన్ పైన్ నుంచి చేపలు పట్టడానికి వచ్చిన ముగ్గురు ఎక్కేసి పోయారు.

ఈ కథలన్నీ పైన నిలబడి తమ్ముడికి చెప్పాను. ఫోటో దిగాం. పైన సిగ్నల్ అందింది. గుంటూరులో మా నాన్నకి ఫోటో పంపాను. మామకి "ఎలా ఉన్నావ్" అని మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కు పడింది, రెండోది పడలేదు.

నాలుగుంపావుకి ట్రెయిల్ క్యాంప్ దిగాం. మామ లేడు.

గుడారాలన్నీ వెతికాం. పేరు పెట్టి అరిచాం. అప్పుడు ఒకబ్బాయి గుడారంలోంచి వచ్చి, నీలం జాకెట్ వేసుకున్న ఇండియన్ ఆయన కోసమేనా అని అడిగాడు. కేబుల్స్ దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంటే ఒక జంట చూశారని, తూలుతున్నాడని, చెరో పక్కా పట్టుకుని దింపుకుంటూ వచ్చారని, ఇంకా కిందికి తీసుకుపోయారని చెప్పాడు. తూలుతున్నాడన్న మాట విన్నాక నాకు కాళ్ళలో సత్తువ పోయింది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఆ నోట్సు నేనే రాశాను కదా.

ఔట్‌పోస్ట్ క్యాంప్ దాకా రెండున్నర మైళ్ళు. ఆ బండల మీద పరిగెత్తకూడదు. పరిగెత్తాను. ఒక చోట పడి మోకాలు చీరుకుంది. అన్న వెనక నుంచి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మామ ఒక గుడారం ముందు దుప్పటి కప్పుకుని కూర్చుని సూపు తాగుతున్నాడు. పక్కన ఎర్ర టోపీ ఆవిడ. పొద్దున మాకు ఎదురైన జంటే. ఆవిడ రిటైరయిన నర్సట. పన్నెండు వేల అడుగుల దగ్గర మామని మడమకి వేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమంటే నడవలేకపోయాడట. ఇక్కడికి దిగాక నడిచాడు. "కిందికి రాగానే తేరుకున్నాడు, అదృష్టం" అంది. ఇంకా దిగాలని, రాత్రికి గందరగోళంగా మాట్లాడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా లోన్ పైన్‌లో ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. చెప్పాక నా వైపు తిరిగి అడిగింది, "ఆర్ యూ ద ఫ్రెండ్?"

కోపంగా అడగలేదు. పేరు తెలియక అడిగినట్టే అడిగింది. బహుశా మామ దారంతా "మై ఫ్రెండ్ వస్తాడు" అని చెప్తూ వచ్చి ఉంటాడు. నేను యెస్ అన్నాను.

మామ సంచి తమ్ముడు మోశాడు. లైట్లు పెట్టుకుని రాత్రి పావు తక్కువ తొమ్మిదికి పోర్టల్ చేరాం. మొత్తం దాదాపు పంతొమ్మిది గంటలు. ఆ రాత్రి నేను మామ మంచం పక్కన కుర్చీలోనే కూర్చున్నాను. వాడు హాయిగా గురక పెట్టాడు.

మర్నాడు తిరిగొచ్చేటప్పుడు అన్న డ్రైవింగ్. మామ నాలుగు గంటలు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా నోరు తెరవలేదు. వారం తర్వాత ఒకరోజు వాడే ఇంటికి వచ్చి, టీ తాగుతూ చెప్పాడు. కేబుల్స్ దగ్గరకు వచ్చేసరికి పైకి పోవాలో కిందికి పోవాలో తెలియలేదట. అందుకే కూర్చుండిపోయాడట. అంచు మీద కాళ్ళు వేలాడేసి. అది చెప్పి, కాసేపాగి, "ట్రెయిల్ క్రెస్ట్ దగ్గర నువ్వు ఒక్కసారి 'నేనొస్తా పద' అంటావేమో అని చూశారా. అని ఉంటే నేను వద్దనేవాణ్ణే, నిన్ను పైకే పంపేవాణ్ణి" అన్నాడు.

సారీ చెప్పాను. "సరేలే, టీ బాగుంది" అన్నాడు.

మా నాన్న ఆ శిఖరం ఫోటో గుంటూరులో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. ఫోన్‌లో ఆ ఫోటో మీద టైం ఉంటుంది కదా, 12:52. ఆ టైంకి మామ కేబుల్స్ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ జంట వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మొన్న ఇండియా వెళ్ళినప్పుడు ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఆ ఫోటో చూపించి, మావాడు అమెరికాలో పెద్ద కొండ ఎక్కాడు అని చెప్తున్నారు. నేను కాఫీ తెచ్చే వంకతో వంటింట్లోకి పోయాను.

ఈ ఫిబ్రవరిలో మామే లాటరీ వేశాడు, మళ్ళీ అవే నాలుగు పేర్లతో. రాలేదు. వచ్చే ఏడాది కూడా వేస్తానంటున్నాడు. వస్తే ముందు రెండు రాత్రులు పోర్టల్‌లో పడుకోవాలని, ఒకడు దిగితే నలుగురం దిగాలని అన్న ఇప్పుడే గ్రూపులో రాసి పెట్టాడు. దాని కింద ఇంకొకటి కూడా రాశాడు, నేను మాత్రం మొత్తం దారీ మామ వెనకే నడవాలట. నేను బొటనవేలు పెట్టాను. మామ మార్మాట్ బొమ్మ పెట్టాడు.

ఉంటాను మరి. నమస్కారం.